కొసరు మాట

వామన్‌రావు బాబాయి గారి ముందు ఇంతవరకు ఏ మనిషీ తన మాటను తానే పూర్తి చేసుకున్న దాఖలా లేదు. మొదటి సగం మనం అంటాం. రెండో సగం ఆయన అందుకుంటారు. అందుకుంటే అందుకున్నారు, ఒక్కసారైనా సరిగ్గా అందుకోవాలి కదా! ఎప్పుడూ తప్పే. అదీ మామూలు తప్పు కాదు. మనం కాశీకి బయల్దేరితే ఆయన రామేశ్వరానికి టికెట్టు కొట్టి చేతిలో పెట్టేస్తారు.

గౌలిపురలో వాళ్ల ఇంటి పైవాటా అద్దెకు అడగడానికి వెళ్లిన రోజే ఈ సంగతి మాకు తెలిసింది. మాది గోదావరి పక్క పల్లెటూరు. మా వారు వేణుమాధవ్‌కి ఇక్కడి సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసుకు బదిలీ అయింది. గుమ్మం ముందు చెప్పులు విడిచి, చేతులు జోడించి, ఎంతో మర్యాదగా మొదలుపెట్టారు.

"నమస్కారమండీ. మేము ఇల్లు..."

"అమ్ముతున్నరా? నేను కొనలేను భాయ్. ఉన్నది ఊడ్చుకునుడే ఎక్కువైంది."

"అమ్మడం కాదండీ, అద్దెకు..."

"ఇచ్చిండ్రా? కిరాయికొచ్చినోడు లొల్లి చేస్తున్నడా?"

"మేమే అద్దెకు దిగుదామనండీ! మా రాజీకి మాత్రం..."

"మెట్లెక్కనీకి రాదు. మోకాళ్లు."

"మోకాళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయండీ! కొత్త ఊళ్లో పగలంతా ఒక్కతే ఉండాలంటే బెంగ. కింద ఎవరైనా పెద్దవాళ్లు ఉంటే ధైర్యంగా ఉంటుందని..."

మా వారు ఠక్కున ఆగిపోయారు. నా బెంగ సంగతి నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆయన కనిపెట్టారని నాకూ తెలియదు. ఇద్దరం ఆ గుమ్మంలో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బాబాయి గారు అప్పటికే లోపలికి తిరిగి, "సూర్యప్రభా! చాయ్ పెట్టు. పైకి మనోళ్లొచ్చిండ్రు" అని కేకేశారు. అద్దె ఎంతో మేమూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. చాయ్ తాగి, సామాను తెచ్చుకోవడానికి వెళ్లిపోయాం.

ఆయన ఉద్యోగం చేసినంత కాలం బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర కూర్చున్నారట. ఈ జబ్బు అక్కడ అంటుకున్నదేనని వీధి వాళ్లంతా తేల్చేశారు. జబ్బు అక్కడ పుట్టినా వ్యాపించింది మాత్రం మా వీధి నిండా. మా సందు చివర దర్జీ గౌస్‌భాయ్ ఒకరోజు కేకేశాడు.

"రావ్ సాబ్! ఆప్ కా కుర్తా..."

"కాలవెట్టినవా? ఇస్త్రీ పెట్టె మీద ధ్యాస లేదా?"

"అరే, బాత్ తో పూరీ కర్నే దో, మాట పూర్తి కానియ్యి! కుర్తా తయారుంది. ధ్యాస లేనిది నిజమే. అమ్మీకి జ్వరం, మూడొద్దుల సంది..."

కుర్తా తేవడానికి వెళ్లిన మనిషి గౌస్‌భాయ్ వాళ్ల అమ్మకు కషాయం పట్టించి, సాయంత్రానికి ఇల్లు చేరారు. కుర్తా అక్కడే మర్చిపోయారు.

మాదన్నపేట మార్కెట్‌కు ఆయనతో వెళ్తే మధ్యాహ్నం వంట మీద ఆశ వదులుకోవాలి. కూరలమ్మే ఆగమ్మ ఆయన్ని చూడగానే తక్కెడ పక్కన పెట్టేస్తుంది.

"కాకా, గీ బీరకాయ..."

"చేదు."

"నీ నోరు చేదు! మస్తు లేతగున్నదంటున్న. నిన్న నా మనుమరాలు..."

"నిన్ను కొట్టిందా?"

"నీ నోట్ల మన్నువడ! అది నన్నెందుకు కొడ్తది? పరీక్ష పాసైంది! నర్సు ట్రైనింగుల సీటొచ్చింది! పొద్దటి సంది గీ ముచ్చట ఎవరికన్న చెప్దామంటే అందరు ధరలడిగెటోళ్లే."

అరకిలో బీరకాయలకు ఆ రోజు గుప్పెడు కొత్తిమీర, గుప్పెడు కరివేపాకు కొసరుగా వచ్చాయి. నేను చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.

దేవుడి దగ్గరా ఇదే వరస. ఎల్లమ్మ గుడిలో పూజారి గారు అక్షింతలు వేస్తూ "దీర్ఘా..." అన్నారో లేదో, "దీర్ఘాలోచనల పడ్డరా పంతులుగారూ?" అని ఈయన అందుకున్నారు. "నాకేం ఆలోచనయ్యా, నిన్ను దీవిస్తున్న!" అని పూజారి గారు కసిరి, అంతలోనే, "ఆలోచనంటే ఉన్నది తియ్. అమ్మవారి మీదనే చినుకు పడుతున్నది, కప్పు కురుస్తున్నది" అన్నారు. దీవెన సగంలోనే ఆగింది గానీ, వారం తిరిగేలోగా కప్పు మీదికి వీధి కుర్రాళ్లంతా ఎక్కారు.

ఆఖరికి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టిన గొంతును కూడా వదల్లేదు. "మీ కాల్ మాకు చాలా..." అని ఆ అమ్మాయి తీయగా అంటుంటే, "బరువైందా? పెట్టేస్త తియ్ బిడ్డా, నువ్వెందుకు తిప్పలపడ్తవ్" అని నిజంగానే పెట్టేశారు.

"మీరెలా తట్టుకుంటున్నారు పిన్నిగారూ?" అని ఒకసారి సూర్యప్రభ పిన్నిగారిని అడిగాను.

"ఏం చెప్పాలె రాజీ! నేను చేసుకున్న సంది సగం సగమే మాట్లాడుతున్న. మనుషుల సంగతి పోనీ, సీరియల్ కూడ చూడనియ్యడు. గా కోడలు నోరు తెరవకముందే ఏమంటదో ముందే చెప్పేస్తడు. అచ్చం గదే అంటది. ఇంక చూసుడెందుకు?"

నేను నవ్వేశాను. ఆ మాటను అప్పుడు సరిగా వినలేదని తర్వాత గానీ తెలియలేదు.

ఇక ముకుంద్ సంగతి. పిన్నిగారి అన్న కొడుకు. మాదాపూర్‌లో పెద్ద కంపెనీలో, మనుషుల బాగోగులు చూసే విభాగంలో ఉద్యోగం. ఒక ఆదివారం వాళ్ల మేనేజరు క్రాంతి గారిని అత్త చేతి పచ్చి పులుసు రుచి చూపిస్తానని భోజనానికి పిలుచుకొచ్చాడు. ఆమె చేయి కడుక్కుంటూ, "మీ ముకుంద్ ఆఫీసులో..." అన్నారు.

"నిద్రపోతడు" అన్నారు బాబాయి గారు.

ముకుంద్ చేతిలోని చెంబు జారింది.

"అయ్యో, లేదండీ! అసలు నిద్రే పోడు. సెలవు పెట్టమంటే పెట్టడు. మనిషి ఇలా అయిపోతే ఎలాగని నాకే భయమేస్తోంది" అన్నారామె. తర్వాత ముకుంద్ వైపు తిరిగి, "వచ్చే వారమంతా ఆఫీసు వైపు రావద్దు. ఇంటి దగ్గరే ఉండు, సగం పని చేస్తే చాలు" అని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చేశారు.

ఆమె వెళ్లగానే ముకుంద్ విరుచుకుపడ్డాడు. "పరువు తీసినవ్ మామా! ఎదుటోళ్లు చెప్పేది వినాలె, వినాలె! మా దగ్గర దీనికి క్లాసులే ఉన్నయ్. నేనే చెప్త ఆ క్లాసులు!"

"నాకు కూడ..."

"ఆఁ, నీకే! ఈ వారమంతా నేనిక్కడనే ఉంట. మంచిగ వినుడు ఎట్లనో నేర్పిస్త."

జీవితంలో మొదటిసారి బాబాయి గారి మాటను ఇంకొకరు పూర్తి చేశారు. ఆయనకు అది చాలా నచ్చినట్టుంది. వెంటనే ఒప్పుకున్నారు.

ముకుంద్ చెప్పిన పాఠం చిన్నదే. ఎదుటివాళ్ల కళ్లల్లోకి చూడాలి. తల ఆడించాలి. మధ్యలో "ఊ" అనాలి. అంతకు మించి పెదవి కదపకూడదు. వచ్చే ఆదివారం దాకా ఇలాగే ఉంటానని ఎల్లమ్మ తల్లి ముందు కొబ్బరికాయ కొట్టించి మరీ ప్రమాణం చేయించాడు. కాయ తెల్లగా, సమంగా పగిలింది. తల్లి కూడా ఒప్పుకున్నదని పిన్నిగారు పొంగిపోయారు.

ఆ పొంగు సోమవారం పొద్దున్నే చల్లారింది.

"ఇగో, మా చెల్లె కొడుకు పెండ్లికి ఏం పెట్టాల్నంటే..." అని పిన్నిగారు అలవాటుగా ఆగారు. బాబాయి గారు కళ్లల్లోకి చూసి, "ఊ" అన్నారు. పిన్నిగారికి మిగతా సగం తట్టలేదు. ఆయన ఏదో ఒకటి తప్పుగా అంటే, కాదని కస్సుమనడానికి సిద్ధంగా ఉన్న మాట అది. కస్సుమనే దారి మూసుకుపోయేసరికి మాట కూడా లోపలే ఉండిపోయింది. "చూడకు గట్ల! కండ్ల డాక్టరు లెక్క!" అని పోపు గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

వీధి వీధంతా కంగారు పడింది. గౌస్‌భాయ్ "రావ్ సాబ్ ఖఫా హైఁ క్యా?" అని ఇంటికొచ్చి, తన మీద కోపమేమోనని క్షమాపణ చెప్పి, మర్చిపోయిన కుర్తా ఇచ్చి వెళ్లాడు. ఆగమ్మ బీరకాయల ధర చెప్పింది, ఆయన "ఊ" అన్నారు, తూచింది, అయిపోయింది. కొసరు కరివేపాకు కూడా రాలేదు. మర్నాడు మాత్రం ఎవరి చేతనో నిమ్మకాయలు దిగదుడవమని పంపింది. పళ్లు పీకించుకున్నారని కొందరు, మౌన దీక్ష పట్టారని కొందరు అన్నారు. దీక్షేమోనని పూజారి గారు ఎదురుపడితే చేతులు జోడించారు.

నేను కూడా ఒక సాయంత్రం కిందికి వెళ్లాను. చెప్పదలుచుకున్నది మొదటి నుంచి చివరి దాకా ఎవరూ అడ్డు రాకుండా చెప్పాను. ఆయన తల ఆడించారు. మెట్లెక్కి పైకి వచ్చాక చూసుకుంటే, అసలు ఏ మాట కోసం కిందికి దిగానో ఆ మాట నాతోనే మళ్లీ పైకి వచ్చేసింది.

ముకుంద్ ఒక్కడే ఆనందంగా ఉన్నాడు. "అద్భుతం మామా! మా ఆఫీసుల కూడ ఇంత మంచిగ వినేటోళ్లు లేరు."

మా వీధిలో ఇంకా బర్రెలు ఉన్న ఇల్లు మొగులయ్యదే. పొద్దున్నే కాన్‌తో వచ్చి గడప గడపకూ పాలు పోస్తాడు. కొలత పోశాక, కాన్ వంచి ఇంకో చిన్న ధార కొసరు పోయడం అతని పద్ధతి. "వద్దులే మొగులయ్యా" అన్నా ఆగడు. "నా చెయ్యి వినది సారూ" అంటాడు. పాలు కొనుక్కున్నట్టు కాక, ఎవరో ఆత్మీయులు ఇచ్చి వెళ్లినట్టు ఉండేది ఆ ధారతో.

ఆ శుక్రవారం పొద్దున నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. బాబాయి గారు పట్టిన గిన్నెలో మొగులయ్య కొలత పోశాడు. కాన్ వంచలేదు. కొసరు పడలేదు. అలాగే నిలబడ్డాడు.

"సారూ, మా ఇంటామెకు..."

"ఊ" అన్నారు బాబాయి గారు, కళ్లల్లోకి చూస్తూ.

"అంటే... మొన్న దవాఖానకు..."

"ఊ."

మొగులయ్య తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "ఏం లేదు సారూ. ఎండలున్నయ్. పాలు జెల్ది కాగవెట్టుకోన్రి" అని కాన్ ఎత్తుకుని గేటు దాకా వెళ్లిపోయాడు.

తలుపు వెనక నుంచి ముకుంద్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

బాబాయి గారు ఆ వేలును చూడలేదు. గిన్నెలోకి చూస్తున్నారు. కొసరు లేని పాలు. నేను చూస్తుండగానే గిన్నె అరుగు మీద పెట్టి, గుడి వైపు తిరిగి చెంపలు వేసుకున్నారు. "తల్లీ, మాట తప్పుతున్న. మనం మనం తర్వాత చూసుకుందాం" అన్నారు. అని, వీధంతా వినబడేలా ఒక్క అరుపు అరిచారు.

"ఏయ్ మొగులయ్యా! బుచ్చమ్మ నిన్ను ఇడిసిపెట్టి తల్లిగారింటికి పోయిందంట గద!"

మొగులయ్య గిర్రున తిరిగాడు. "ఎవడన్నడు సారూ గా మాట? అది నన్నిడిసి యాడికి పోతది? మంచంల పండుకున్నది!"

"బర్రె తన్నిందా?"

"బర్రె దాన్ని తంతదా? దాని చెయ్యి తగిలితెనే పాలు చేపుతది! కడుపుల గడ్డయింది సారూ. గర్భసంచి తియ్యాల్నంట. ఆడోళ్ల ముచ్చట, ఎవరికని చెప్పాలె, ఏమని చెప్పాలె?"

"గట్లయితే డాక్టరు ఇంకో నెల ఆగుమన్నడు."

"ఆగొద్దన్నడు! ఇప్పటికే ఆలస్యమైందన్నడు! ఈ పొద్దు చేర్పిస్తే రేపే చేస్తమన్నడు. నువ్వు ఊ అంటే చాలన్నడు. నా నోట్లకెల్లి ఊ రాలే సారూ. దాన్ని ఎంటవెట్టుకొని ఇంటికొచ్చిన."

"మంచిపని చేసినవ్. బుచ్చమ్మకు భయం, ఆమెనే వద్దన్నది."

"దానికేం భయం సారూ!" మొగులయ్య గొంతు వీధి దాటింది. "అది సంచి సదురుకొని కూసున్నది. భయం నాకు!"

అనేశాక తన మాటకు తానే ఉలిక్కిపడ్డట్టు చూశాడు. కాన్ కింద పెట్టాడు. అరుగు మీద కూలబడ్డాడు.

అప్పుడు బాబాయి గారు చేసిన పని నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. పక్కన కూర్చున్నారు, ఊరుకున్నారు. మొగులయ్య చాలాసేపు మాట్లాడాడు. ఈ చేతులతో ఎన్నో దూడలను బయటికి తీశానని, కత్తి అనగానే మాత్రం ఆమెను తీసుకుని బయటికి వచ్చేశానని, ఆమె లేకపోతే బర్రెలు తనను దగ్గరికి కూడా రానియ్యవని. బాబాయి గారు ఒక్క మాట కూడా అందుకోలేదు. ప్రమాణానికి కట్టుబడి కాదు, అది అప్పటికే మంటగలిసింది. అందుకోవాల్సిన అవసరం తీరిపోయింది, అంతే.

మొగులయ్య ముక్కు తుడుచుకోగానే, "సూర్యప్రభా!" అని బాబాయి గారు కేకేశారు. పిన్నిగారు అప్పటికే చెప్పులేసుకుని, ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు.

"మిగతా గడపలకు పాలెట్ల?" అన్నాడు మొగులయ్య.

అందరి కళ్లూ తలుపు వెనక్కి తిరిగాయి. ముకుంద్ బొటనవేలు మెల్లగా కిందికి దిగింది.

మేమంతా వాళ్లింటికి వెళ్లేసరికి బుచ్చమ్మ నిజంగానే సంచి సర్దుకుని కూర్చుని ఉంది. మమ్మల్నందరినీ చూసి, "గింతమందా? నేనేమన్న పెండ్లికి పోతున్ననా?" అని నవ్వింది. ఆటోలో మొగులయ్య చేతిని ఆమే పట్టుకుంది.

దవాఖానలో డాక్టరు మొగులయ్యను చూసి, "ఏమయ్యా, ఇప్పుడేమంటవ్? చేద్దామా?" అని అడిగారు. మొగులయ్యకు మాట పెదవి దాకా వచ్చి వెనక్కి పోతోంది.

"వద్దంటడు డాక్టర్‌సాబ్" అన్నారు బాబాయి గారు. "నాకు తెలుసు గద. ససేమిరా వద్దంటడు."

"ఎవరన్నరు వద్దని?" మొగులయ్య ఎగిరిపడ్డాడు. "ఊ! ఊ అంటున్న! డాక్టర్‌సాబ్, ఊ!"

మర్నాడు లోపల ఆపరేషన్ జరుగుతుంటే మేము బయట హాల్లో బెంచీ మీద కూర్చున్నాం. నేను కళ్లు మూసుకుని ఎల్లమ్మ తల్లికి మొక్కుకుంటున్నాను. మొగులయ్య తలపాగా విప్పి చుడుతున్నాడు. గోడకున్న టీవీలో ఏదో సీరియల్ వస్తోంది. దాన్ని ఎవరూ చూడటం లేదు, బాబాయి గారు తప్ప. ఆయన కూడా చూస్తున్నట్టు లేరు. దిగులుతో పెదవులు వాటంతటవే కదులుతున్నాయి.

"ఈ ఇంట్లో నాకు..." అంది టీవీలో కోడలు.

"చోటు లేదని తెలుసత్తయ్యా" అని గొణిగారు బాబాయి గారు.

"చోటు లేదని తెలుసత్తయ్యా!" అని ఏడ్చింది కోడలు.

"ఆ తాళాలు..." అంది అత్తగారు.

"అక్కడ పెట్టి పో."

"అక్కడ పెట్టి పో!"

ఒకటి కాదు, రెండు కాదు. ప్రతి మాటా అచ్చు గుద్దినట్టు అదే. నేను మొక్కుకోవడం ఆపేసి ఆయన మొహంలోకి చూస్తుండిపోయాను. టీవీ దగ్గర ఒక్కటీ తప్పని మనిషికి మనుషుల దగ్గర ఒక్కటీ ఒప్పు కాకపోవడం ఏమిటి? మా వారి గుమ్మం మాటలు, ఆగమ్మ మనవరాలు, గౌస్‌భాయ్ అమ్మ, గుడి కప్పు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. పిన్నిగారి వైపు తిరిగాను. ఆమె నవ్వుతూ పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"ఎన్నడన్న మనసుల సంగతి అడిగితే ఎవరన్న చెప్తరా రాజీ?" అన్నారు నా చెవిలో. "తప్పు చెప్తే మాత్రం దిద్దకుంట ఉండలేరు. నాకు పెండ్లైన కొత్తలనే దొరికిండు. ఇంక ఎవ్వరికి చెప్పకు, పాపం, తెలివి తక్కువోడనే పేరు కష్టపడి సంపాదించిండు."

తలుపు తెరుచుకుంది. నర్సమ్మ బయటికి వచ్చి, "బుచ్చమ్మ గారి తాలూకు..." అంది.

బాబాయి గారు నోరు తెరవబోయి, తమాయించుకుని, ఆమె వాక్యాన్ని పూర్తి కానిచ్చారు.

"...వాళ్లెవరండీ? అంతా బాగా జరిగింది."

బుచ్చమ్మకు తెలివి రాగానే అడిగిన మొదటి మాట: "బర్రెలు పాలిచ్చినయా?" ఇచ్చాయి. ఆమె చీర నెత్తిన కప్పుకుని మొగులయ్య వెళ్తే అతనికి కూడా ఇచ్చాయట. ముకుంద్ మాత్రం ఇస్త్రీ చొక్కా మీద పాల మరకలతో ఆ శుక్రవారం పాలు పోస్తూ తిరిగాడు. గడప గడపకూ కొసరు మరీ ధారాళంగా పోయడంతో సగం వీధిలోనే కాన్ ఖాళీ అయింది. పాలు అందని ఇళ్లవాళ్లు తిట్టడానికి బయటికొచ్చి, బుచ్చమ్మ సంగతి విని, దవాఖానకు క్యారియర్లు కట్టారు. ఇప్పుడు ముకుంద్ ఆఫీసులో మొహం వేలాడేసుకుని వచ్చిన వాళ్లను చూసి, "ఏంది, జీతం ఎక్కువైందా?" అని అడుగుతున్నాడట. వాళ్లు కస్సుమని, తర్వాత కూర్చుని అసలు సంగతి చెబుతున్నారట. క్రాంతి గారు అతని క్లాసు పేరు మార్చేద్దామంటున్నారు.

బుచ్చమ్మ నడక మొదలుపెట్టిన వారం, మొగులయ్య మళ్లీ మా వాకిట్లో కాన్ వంచాడు. కొసరు ధార గిన్నె నిండి, అంచు దాటి, నా ముగ్గు మీద పడింది.

"చాలయ్యా, ముగ్గు పోతోంది" అన్నాను.

"నా చెయ్యి వినదమ్మా" అన్నాడు.

అరుగు మీద కూర్చుని బాబాయి గారు పేపరు చదువుకుంటున్నారు. ఆయన గుట్టు నాకు తెలిసిందని ఆయనకు తెలియదు. పట్టిద్దామనిపించింది.

"బాబాయి గారూ, కావాలనే తప్పుగా..."

"వండిందా? లేదు బిడ్డా, సూర్యప్రభ కావాల్నని వండదు. దాని చెయ్యే గంత."

వంటింట్లో గరిటె ఠంగుమంది. ఇక లాభం లేదని మెట్ల వైపు నడిచాను. ఆ సాయంత్రం చెప్పలేక నాతో పైకి తీసుకెళ్లిపోయిన మాట గుర్తొచ్చి, మళ్లీ వెనక్కి తిరిగాను. అమ్మానాన్నలకు దూరంగా వచ్చిన మాకు ఇక్కడ దొరికింది ఏమిటో ఎలా చెప్పాలో తెలియకపోయినా మొదలుపెట్టాను.

"మేము ఈ ఇంట్లోకి రావడం, బాబాయి గారూ, మా..."

"కర్మ."

"కాదండీ!" అన్నాను, వీధంతా వినబడేలా. "అదృష్టం!"

ఆయన పేపరు దించి, నా కళ్లల్లోకి చూసి, తల ఆడించారు.

"ఊ" అన్నారు.